పెరటినుండి నీహారికల ఛాయాచిత్రణము – వర్ణముల సమతూకము

నిర్మలమైన రాత్రివేళ ఆకాశమును పరికించువారికి నక్షత్రములు, గ్రహములు, పాలపుంత మాత్రమే గాక, అక్కడక్కడ మసకగా మేఘశకలములవంటి కొన్ని కాంతులు కూడ కానవచ్చును. ఇవి వానమబ్బులు కావు. గాలి వీచినను చెదరవు. ఏటికేడాది ఆ నక్షత్రముల నడుమనే, ఆ చోటనే యుండును. వీనికే నీహారికలని పేరు. నీహారమనగా మంచు. నక్షత్రముల నడుమ మిక్కిలి విశాలమైన ప్రదేశమున వ్యాపించిన వాయువును, ధూళియును మనకిట్లు మంచుతెరవలె కనబడుచున్నవి. పుస్తకములలోను, గోడపటములలోను వీని చిత్రములు గులాబి, నీలి, బంగారు వన్నెలతో ముద్రింపబడుట విద్యార్థులు చూచియే యుందురు. ఆ రంగులు నిజముగా అక్కడ నున్నవా? ఉన్నచో మన కంటికేల కనబడవు? వీధిదీపములు వెలుగు పట్టణపు శివారున, ఇంటి పెరటినుండి అట్టి చిత్రమును మనము తీయగలమా? తీసిన చిత్రము సత్యమైనదని ఎట్లు చెప్పగలము? ఈ నాలుగు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నీహారికలు ముఖ్యముగా మూడు విధములు. మొదటివి స్వయముగా వెలుగునవి. అత్యుష్ణమైన నక్షత్రమునుండి వెలువడు అతినీలలోహిత కిరణములు సమీపముననున్న ఉదజని పరమాణువులనుండి ఎలక్ట్రానులను విడదీయును. విడివడిన ఎలక్ట్రాను మరల పరమాణువును చేరునపుడు మెట్లు దిగినట్లు క్రమముగా దిగుచు, ఒక్కొక్క మెట్టున ఒక్కొక్క నియతమైన రంగుగల కాంతిని వెలువరించును. అందు ప్రధానమైనది 656.3 నానోమీటరుల తరంగదైర్ఘ్యముగల ఎఱ్ఱని కాంతి. నానోమీటరనగా మీటరులో వందకోట్లవ వంతు. రెండవవి స్వయముగా వెలుగక, పొరుగు నక్షత్రపు కాంతిని ధూళికణములచే వెదజల్లునవి. ధూళి నీలికాంతిని ఎక్కువగా వెదజల్లును గాన ఇవి నీలముగా నుండును. మన పల్లెలలో పిల్లలకోడియని పిలుచు కృత్తికల చుట్టునున్న నీహారిక ఇట్టిది. దాని కాంతి ఆ నక్షత్రముల కాంతివంటిదేయని 1912 లో అమెరికాలో వెస్టో స్లైఫర్ నిరూపించెను. మూడవవి వెనుకనున్న వెలుగును కప్పివేయు చీకటి నీహారికలు. 1888 లో తీసిన ఒక ఛాయాఫలకముపై విలియమినా ఫ్లెమింగ్ అను వనిత కనుగొనిన గుఱ్ఱపుతల నీహారిక ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము.

ఇక కంటి మాట. మన నేత్రములో శంకువులు, దండములు అను రెండు విధముల కణములు కలవు. రంగును తెలియజేయునవి శంకువులు. కాని వానికి వెలుగు పుష్కలముగా నుండవలయును. దండములు మినుకుమినుకను వెలుగునుగూడ గ్రహించును. కాని రంగును చెప్పజాలవు. నీహారికల కాంతి అత్యల్పమగుటచే మనము వానిని దండములతోడనే చూతుము. కావున అవి బూడిదవన్నెగా తోచును. పైగా దండములకు 507 నానోమీటరుల ప్రాంతపు కాంతి మిక్కిలి బాగుగా కనబడును. ఉదజని యొక్క ఎఱుపు దాదాపు కనబడనే కనబడదు. మఱియొక భేదము కలదు. కన్ను క్షణక్షణము పాత దృశ్యమును విడిచి క్రొత్తదానిని గ్రహించును. ఛాయాఫలకమో, పడిన వెలుగునంతయు గంటల తరబడి కూడబెట్టుకొనును. కన్ను నాటి కూలి నాడే ఖర్చుచేయు వానివంటిది. ఫలకము హుండీలో దాచుకొనువానివంటిది. రంగులు అక్కడ నిజముగా నున్నవి. వానిని చూచు శక్తి మనకు లేదు. ఇది మొదటి రెండు ప్రశ్నలకు సమాధానము.

పెరటినుండి ఇట్టి పని సాధ్యమా యని సందేహించువారు ఈ శాస్త్రము యొక్క చరిత్రను చూడవలయును. ఇది పెరటిలోనే పుట్టినది. లండను శివారగు టల్స్‌హిల్‌లో తన యింటి యావరణయందే విలియమ్ హగ్గిన్స్ వేధశాలను కట్టుకొని, 1864 ఆగస్టు 29 న ఒక నీహారిక కాంతిని వర్ణపటదర్శినిద్వారా పరీక్షించెను. నక్షత్రకాంతివలె సప్తవర్ణములుగా పఱచుకొనుటకు బదులు అది కొలది ప్రకాశవంతమైన రేఖలుగా కనబడెను. అంతటితో ఆ నీహారిక నక్షత్రముల గుంపు కాదనియు, వెలుగుచున్న వాయువనియు తేలెను. అందలి ఆకుపచ్చని రేఖ భూమిపై తెలిసిన ఏ మూలకమునకు చెందినదో తెలియక, నెబ్యులియమ్ అను క్రొత్త మూలకమును ఊహించిరి. 1927 లో ఐరా బోవెన్, అది రెండు ఎలక్ట్రానులను కోల్పోయిన ప్రాణవాయువు వెలువరించు 500.7 నానోమీటరుల కాంతియని నిరూపించుటతో ఆ చిక్కు విడిపోయెను. మనము పీల్చు ప్రాణవాయువే అక్కడ ఆకుపచ్చగా వెలుగుచున్నదన్నమాట.

నీహారికను మొట్టమొదట ఛాయాచిత్రముగా తీసినవాడు అమెరికాకు చెందిన హెన్రీ డ్రేపర్. అతడు వైద్యశాస్త్రమును చదివినవాడు. న్యూయార్కు సమీపమున హడ్సన్ నదీతీరమునగల తమ కుటుంబపు తోటలో వేధశాలను నిర్మించుకొని, 1880 సెప్టెంబరు 30 న 11 అంగుళముల దూరదర్శినితో ఓరియన్ నీహారికను 51 నిమిషములసేపు ఫలకముపై గ్రహించెను. అటుపిమ్మట లండను శివారగు ఈలింగులో తన తోటయందు 36 అంగుళముల దర్పణముగల దూరదర్శినిని నిలిపిన ఆండ్రూ కామన్, 1883 జనవరి 30 న అదే నీహారికను తీసి, దూరదర్శినిలో కంటికి కనబడని నక్షత్రములనుగూడ ఫలకముపై చూపెను. ఆయన వృత్తిచే పారిశుద్ధ్య ఇంజనీరు. ఆంధ్రులకును ఈ సంప్రదాయము క్రొత్తది కాదు. 1840 లోనే విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు తమ స్వంత వేధశాలను స్థాపించిరి. వారి యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని కొనసాగించిరి. ఆకాశమును చూచుటకు పదవి గాని, పెద్ద సంస్థ గాని అవసరము లేదు. ఓర్పును, శ్రద్ధయును చాలును.

మనమును ఓరియన్ నీహారికతోడనే ఆరంభింతము. మన పంచాంగములోని మృగశిర, ఆర్ద్ర నక్షత్రములు ఈ ఓరియన్ మండలములోనివే. మూడు నక్షత్రములు వరుసగానున్న నడికట్టునకు దక్షిణమున మఱికొన్ని చిన్న నక్షత్రములు వ్రేలాడు కత్తివలె నుండును. ఆ కత్తి నడుమనున్న మసకయే నీహారిక. అది మనకు సుమారు 1,340 కాంతిసంవత్సరముల దూరమున నున్నది. ఆకాశమున అది చంద్రబింబమునకు దాదాపు రెండింతల వెడల్పుగలది. డిసెంబరు మొదలు మార్చి వరకు సాయంకాల రాత్రులయందు దీనిని తీయుటకు అనువైన కాలము. మార్గశిర పూర్ణిమనాడు చంద్రుడు మృగశిరా ప్రాంతముననే యుండును గనుక ఆ వెన్నెలలో నీహారిక మునిగిపోవును. పుష్య, మాఘ మాసముల అమావాస్యలు శ్రేష్ఠము.

ఇక్కడ మనకొక భాగ్యము కలదు. ఆకాశమున ఒక జ్యోతి క్షితిజమునకు ఎంత దగ్గఱగా నుండునో, దాని కాంతి అంత మందమైన వాయుమండలమును దాటి రావలెను. ఆ దారిలో నీలికాంతి ఎక్కువగాను, ఎఱుపు తక్కువగాను నష్టమగును. అస్తమించు సూర్యుడు ఎఱ్ఱబాఱుటకు కారణమిదియే. ఈలింగులో ఓరియన్ నీహారిక 33 డిగ్రీలకు మించి పైకి రాదు. మన హోసూరులో అది సుమారు 72 డిగ్రీల యెత్తునకును, బరంపురములో 65 డిగ్రీల యెత్తునకును వచ్చును. అనగా కామన్‌కు దక్కని నీలికాంతి మనకు దక్కును. రంగుల తూకమునకు ఇది పెద్ద సాయము.

అయితే భూమి తిరుగుచున్నది. నక్షత్రములు గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరుగుచుండును. కెమెరాను త్రిపాదిపై కదలకుండ నిలిపి, 50 మిల్లీమీటరుల కటకముతో పది సెకండ్లకు మించి తీసినచో నక్షత్రములు చుక్కలుగా గాక గీతలుగా పడును. కావున భూభ్రమణమునకు ఎదురుగా కెమెరాను త్రిప్పు యంత్రపీఠము కావలెను. దాని యిరుసు భూమి యిరుసునకు సమాంతరముగా, అనగా ధ్రువనక్షత్రము దిక్కునకు ఉండవలెను. ధ్రువుని యెత్తు ఆ యూరి అక్షాంశమునకు దాదాపు సమానము. హోసూరులో అది సుమారు 13 డిగ్రీలు, యానాములో 17, బరంపురములో 19. పెరటికి ఉత్తరమున చెట్టో, డాబాయో ఉన్నచో ధ్రువుడు కనబడడు. కావున స్థలమును ముందుగా ఎన్నుకొనవలయును. పీఠము లేనివారు నిరాశ పడనక్కఱలేదు. అయిదేసి సెకండ్ల చిత్రములను 240 తీసినచో మొత్తము 20 నిమిషముల కాంతి చేకూరును.

ఇన్ని చిత్రములేల? ప్రతి చిత్రములోను నిజమైన కాంతితోపాటు క్రమములేని చుక్కలును, గరుకుదనమును ఉండును. నీహారిక ప్రతి చిత్రములోను ఒకే చోట నుండును. గరుకుదనము ప్రతిసారి మాఱుచుండును. నక్షత్రములు ఒకదానిపై నొకటి సరిపడునట్లు చిత్రములను పేర్చి సగటు తీసినచో, మాఱునది అణగును, మాఱనిది నిలుచును. ఈ లాభము చిత్రముల సంఖ్య యొక్క వర్గమూలమును బట్టి పెరుగును. 4 చిత్రములకు రెండింతలు, 100 చిత్రములకు పదింతలు. కటకమును మూసి తీసిన చీకటి చిత్రములను తీసివేత కొఱకును, తెల్లని సమమైన వెలుతురులో తీసిన చిత్రములను కటకపు అంచులలోని మసకను సరిచేయు కొఱకును తీసియుంచవలెను.

శివారు ఆకాశమున అసలైన శత్రువు వీధిదీపపు వెలుగు. 2001 లో జాన్ బోర్టల్ ఆకాశపు చీకటిని తొమ్మిది తరగతులుగా విభజించెను. మొదటి తరగతి గాఢాంధకారము, తొమ్మిదవది నగరమధ్యము. పూర్వపు సోడియం దీపముల కాంతి విశేషముగా పసుపుపచ్చ ప్రాంతముననే యుండెడిది. దానిని అడ్డుకొనుట కొంత సులభము. ఇప్పటి తెల్లని ఎల్‌.ఇ.డి. దీపముల కాంతి నీలము మొదలు ఎఱుపు వరకు పఱచుకొని యుండును గాన వడపోత కష్టము. స్వయముగా వెలుగు నీహారికలకు మాత్రము ఒక ఉపాయము కలదు. వాని కాంతి కొలది రేఖలలోనే యిమిడియున్నది కదా! ఉదజని రేఖను, ప్రాణవాయువు రేఖను మాత్రమే పోనిచ్చు సన్నని వడపోత బిళ్లను కటకమునకు అమర్చినచో దీపకాంతిలో అధికభాగము ఆగిపోవును. కృత్తికల నీలి నీహారికకు ఈ బిళ్ల పనికిరాదు. అది నక్షత్రకాంతివలె అన్ని రంగులను కలిగియున్నది. దానికి చీకటి పల్లెయే మందు. మఱియొక మాట. సాధారణ కెమెరాలలో పరారుణ కాంతిని ఆపుటకుంచిన అద్దము ఉదజని ఎఱుపులో కొద్దిభాగమునే లోనికి రానిచ్చును. అందుచే నీహారికలు తీయువారు ఆ అద్దమును మార్పించుకొందురు.

ఇప్పుడు వర్ణముల సంగతి. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కాంతుల కలయికచే సకల వర్ణములను చూపవచ్చునని జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1861 లో లండనున ప్రదర్శించెను. నేటి కెమెరా ఫలకములో లక్షలకొలది గదులు కలవు. 1976 లో పేటెంటు పొందిన బ్రైస్ బేయర్ ఏర్పాటు ప్రకారము ప్రతి నాలుగు గదులలో రెండిటిపై ఆకుపచ్చ, ఒకదానిపై ఎఱుపు, ఒకదానిపై నీలపు తెరలుండును. ఈ మూడు తెరలు కాంతిని సమానముగా గ్రహించవు. దానికి ఆకాశపు దీపకాంతి తోడగును. కావున కెమెరా యిచ్చిన అంకెలను తూచి సరిచేయక తప్పదు. ఈ తూకములో రెండు పనులు కలవు: మొదట తీసివేత, తరువాత గుణకారము. ఈ వరుస తప్పరాదు.

ఎందుకో ఒక లెక్కతో చూతము. ఒక చిత్రములో నీహారిక లేని ఖాళీ ఆకాశమున ఎఱుపు 620, ఆకుపచ్చ 540, నీలము 400 అని అనుకొందము. నీహారిక ఉన్నచోట అవి 920, 690, 500. ఆ చోటగూడ దీపకాంతి కలిసియే యున్నది గనుక దానిని తీసివేసినచో మిగులునది 300, 150, 100. ఇది నీహారిక సొత్తు. ఇక తెరల పక్షపాతమును సరిచేయుటకు తెల్లనిదని మనకు తెలిసిన వస్తువు కావలెను. సూర్యునివంటి నక్షత్రము అందుకు తగినది. ఆకాశమును తీసివేసిన పిదప అట్టి నక్షత్రము యొక్క అంకెలు 800, 1000, 500 అనుకొందము. ఇవి మూడును సమానము కావలెనన్న ఎఱుపును 1.25 తోను, నీలమును 2 తోను గుణింపవలెను. ఆ గుణకారమును నీహారికకును చేయగా 375, 150, 200 వచ్చును. ఎఱుపు ప్రధానమై, కొంత నీలము కలిసిన గులాబివన్నె యిది. తీసివేత చేయక ముందే గుణించినచో ఖాళీ ఆకాశము 775, 540, 800 అయి వంకాయరంగు పొందును. నీహారిక 1150, 690, 1000 అయి ఆ రంగులోనే కలిసిపోవును. దీపకాంతి ఆకాశములో ఒక ప్రక్క హెచ్చుగాను, ఒక ప్రక్క తగ్గుగాను ఉండును గాన, పలుచోట్ల ఖాళీ ఆకాశమును కొలిచి, ఆయా చోట్లకు తగినట్లు తీసివేయవలెను. నేపథ్యమును కారునలుపు చేయరాదు. మూడు రంగులు సమానముగానుండు ముదురు బూడిదవన్నె దానికి తగును; లేనిచో నీహారిక యొక్క పలుచని అంచులు తెగిపోవును.

గులాబివన్నె యేల సమంజసమో ప్రకృతియే చెప్పుచున్నది. ఉదజని 656.3 నానోమీటరుల ఎఱుపుతోపాటు 486.1 నానోమీటరుల నీలికాంతినిగూడ వెలువరించును. 10,000 డిగ్రీల ఉష్ణోగ్రతగల వాయువులో ఈ రెంటి నిష్పత్తి 2.86 కు 1 అని సిద్ధాంతము. నడుమ ధూళి యున్నచో నీలము ఇంకను తగ్గును. కావున ఉదజని నీహారిక కేవలము కుంకుమవలె ఎఱ్ఱగానుండక కొంత నీలము కలిసియుండును. ఓరియన్ నీహారిక నడిభాగమున ప్రాణవాయువు కాంతి కూడ ప్రబలముగా నుండుటచే అచ్చట ఆకుపచ్చ ఛాయ కలియును.

తరువాతి పని వెలుగును పెంచుట. నీహారిక నడిబొడ్డు మిక్కిలి ప్రకాశవంతము. అంచులు అతి మందము. అంచులు కనబడునట్లు పెంచినచో నడిబొడ్డు తెల్లగా మాడిపోవును. అందుచే కొన్ని సెకండ్లు మాత్రమే తీసిన చిత్రములను నడిబొడ్డు కొఱకు వేఱుగా నుంచుకొందురు. పెంచునపుడు 375, 150, 200 అను మూడిటిని ఒకే సంఖ్యతో పెంచినచో రంగు నిలుచును. ఒక్కొక్కదానిని వేఱువేఱుగా వంచినచో చిన్నవి ఎక్కువగా పెరిగి, పెద్దవి తక్కువగా పెరిగి, రంగు వెలిసిపోవును.

ఈ పనులన్నియు చేయు కంప్యూటరు సాధనములు నేడు సులభముగా లభించుచున్నవి. అందు ఆకుపచ్చను ఒక్క మీటతో తొలగించునవి కూడ కలవు. నక్షత్రములలో ఆకుపచ్చగా కనబడునవి లేవు గనుక చిత్రమంతట పఱచుకొన్న పచ్చదనము సామాన్యముగా తూకపు దోషమే. కాని గ్రుడ్డిగా ఆ మీటను నొక్కువాడు హగ్గిన్స్ చూచిన రేఖనే, ప్రాణవాయువు సాక్ష్యమునే తుడిచివేయుచున్నాడు. చిత్రము అందముగా వచ్చినను అందలి శాస్త్రము పోయినది. రంగులు తూచుట అనగా మనకు నచ్చినట్లు దిద్దుట కాదు. మధ్యలో చేరిన దీపమును, గాలిని, గాజును తొలగించి, దూరమునుండి వచ్చిన వర్తమానమును వచ్చినది వచ్చినట్లు చదువుట.

అట్లయిన 1995 లో హబుల్ దూరదర్శినితో తీసిన గరుడ నీహారిక స్తంభముల చిత్రము మాటేమి? అందు గంధకపు కాంతికి ఎఱుపును, ఉదజనికి ఆకుపచ్చను, ప్రాణవాయువునకు నీలమును ఇచ్చిరి. నిజమునకు గంధకము, ఉదజని రెండును ఎఱ్ఱని కాంతులే. ఉన్నవి ఉన్నట్లు చూపినచో రెంటికిని భేదము తెలియదు. అందుచే దీర్ఘతరంగమునకు ఎఱుపు, మధ్యమునకు ఆకుపచ్చ, హ్రస్వమునకు నీలము అని వరుస ఏర్పరచిరి. మన భూగోళపటములో కొండలను గోధుమవన్నెతోను, మైదానములను ఆకుపచ్చతోను చూపుదురు. వేసవిలో ఆ మైదానము ఎండి తెల్లబాఱినను పటము అబద్ధమని మనమనము. ప్రక్కనే సంకేతముల పట్టిక యున్నది గనుక. హబుల్ చిత్రమును అట్టి పటమే. సంకేతమును చెప్పి చూపినది శాస్త్రము; చెప్పక చూపినది భ్రమ.

కావున నీహారికను చిత్రించు విద్యార్థి తన చిత్రము క్రింద కొన్ని వివరములు వ్రాయవలెను. ఏ తేదీన, ఏ యూరినుండి, ఎంతసేపు తీసెనో, ఏ వడపోత బిళ్ల వాడెనో, తెలుపునకు దేనిని కొలతగా గైకొనెనో తెలుపవలెను. అప్పుడు మఱియొకరు దానిని పరీక్షింపగలరు. నాలుగవ ప్రశ్నకు సమాధానమిదియే. చిత్రము యొక్క సత్యము దాని తళుకులో లేదు. పరీక్షకు నిలుచుటలో నున్నది.

చివరగా చీకటిని గూర్చి ఒక్క మాట. తమిళనాట జవ్వాది కొండలలోని కావలూరున మన దేశపు పెద్ద వేధశాలలలో ఒకటి నెలకొనుటకు అచ్చటి చీకటి యొక కారణము. లడఖ్‌లోని హాన్లే ప్రాంతమును 2022 లో చీకటి ఆకాశపు రక్షిత ప్రదేశముగా ప్రకటించిరి. అంతటి పని మనవలన కాకపోయినను, పెరటి దీపమునకు పైన ఒక మూత వేసి దాని వెలుగు నేలపైననే పడునట్లు చేయుట ప్రతి యింటివారికి సాధ్యము. అందువలన కరెంటు ఆదా యగును. బాటసారి కన్నులకు హాయి కలుగును. 1,340 ఏండ్లు ప్రయాణము చేసి మన పెరటికి వచ్చిన వెలుగు, చివరి నిమిషమున మన దీపపు వెలుగులో మాసిపోకుండ నుండును.